రామత్తు కథ

‘రామత్తు’ అన్న మాట వినగానే మీకేమనిపిస్తుంది? ఏ గోదావరి జిల్లా పల్లెలోనో రామాలయం పక్కవీధిలో ఉండే రామత్తయ్యగారు గుర్తొస్తుందా? పోనీ ఏదో ఊరి పేరేమో అనుకుంటున్నారా? రెండూ కాదు. ఇది ఫిన్లాండు దేశపు మాట. యూరపు ఖండానికి ఉత్తరపు కొసన, మంచూ సరస్సులూ బూర్జు చెట్లూ తప్ప మరేం ఉండవేమో అనిపించే చోట, యాభై లక్షల పైచిలుకు జనం మాట్లాడుకునే ఫిన్నిష్ భాషలో ‘రామత్తు’ అంటే బైబిలు!

మన రాముడికీ ఈ రామత్తుకీ ఏ చుట్టరికమూ లేదు. చెవికి మాత్రం అచ్చ తెలుగులాగే వినిపిస్తుంది. చివర ఉకారం, నడుమ ద్విత్వం... ఇంకేం కావాలి మనకి?

అయితే రాముడితో లేని చుట్టరికం ఆ మాటకి మన ఇళ్లలోని వేరే మాటలతో ఉంది. బంగారం కొట్టుకెళ్లి “ఓ నాలుగు గ్రాముల్లో ఉంగరం చూపించండి” అంటాం చూశారూ, ఆ గ్రాము దీనికి చుట్టమే. పిల్లాడి పరీక్ష పేపరు చూసి “గ్రామరంతా తప్పులే” అని విసుక్కుంటామే, ఆ గ్రామరూ చుట్టమే. ఒకప్పుడు గుమ్మంలోకి పోస్టు మనిషి తెచ్చాడంటే విప్పకుండానే ఇంటిల్లిపాదీ ఏడుపు మొదలుపెట్టిన టెలిగ్రాము కూడా ఈ వంశానిదే. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాముల సర్వీసు ఎత్తేశారు గనక ఆ భయం ఇప్పటి పిల్లలకి తెలీదు. అంతెందుకు, సినిమా తారల గురించి మనం మాట్లాడుకునే ‘గ్లామరు’ కూడా రామత్తుకి పినతల్లి బిడ్డే! ఎలాగో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

ఈ సంసారానికంతటికీ మూలపుటమ్మ ఒక గ్రీకు మాట – ‘గ్రమ్మా’. దాని అర్థం అక్షరం. అంతకు ముందు, ఇంకా లోపలికి వెళితే, గీత. రాయడాన్ని గ్రీకులు ‘గ్రఫెయిన్’ అనేవారు. దానికి మొదటి అర్థం గీరడం, గీకడం. మన పూర్వులు చేసిందేమిటి మరి? తాటాకు మీద గంటంతో గీరి, ఆ గాట్లలో మసి పట్టించి చదువుకోలేదూ? ఎక్కడివాళ్లయినా మొదట గీశారు, ఆ తర్వాతే రాశారు. సిరా, కలం, కాగితం అన్నీ తర్వాతి భోగాలు.

ఒక అక్షరం గ్రమ్మా అయితే, నాలుగక్షరాలు ‘గ్రమ్మత’. నాలుగక్షరాలు వచ్చిన మనిషంటే మనకీ చదువుకున్న మనిషనేగా అర్థం? గ్రీకులకీ అంతే. గ్రమ్మత అంటే అక్షరాలు, ఉత్తరం, రాతకోతలు, చదువు అన్నీను. అక్షరాల శాస్త్రం లాటిన్ గుండా ప్రయాణించి గ్రామరు అయింది. మధ్యయుగాల్లో లాటిన్ వ్యాకరణం వచ్చినవాళ్లంటే మామూలు జనానికి భక్తీ, భయమూ రెండూ ఉండేవి. అర్థంకాని భాషలో ఏవేవో చదువుతున్నాడంటే మంత్రాలే అయివుంటాయనుకునేవారు. అలా స్కాట్లండులో గ్రామరు కాస్తా నోరు తిరిగి ‘గ్లామరు’ అయి, కనికట్టు అనే అర్థం తెచ్చుకుంది. చూసేవాళ్ల కళ్లు కప్పే మాయ అన్నమాట. వాల్టర్ స్కాట్ తన రచనల్లో వాడి దాన్ని ఇంగ్లీషు వాళ్లందరికీ అలవాటు చేశాడు. అక్కణ్ణించి సినిమా పత్రికల దాకా దాని ప్రయాణం మీకు తెలిసిందే. గ్రామరు చదవమంటే ముఖం ముడుచుకునే అమ్మాయిలకి ఈ సంగతి చెప్పి చూడండి!

ఇక గ్రాము సంగతి. అక్షరం అనే ఈ మాటనే గ్రీకులు ఒక చిన్న తూకానికి కూడా వాడారు. 1795లో ఫ్రాన్సు వాళ్లు కొత్త తూనికలు పెట్టుకున్నప్పుడు ఆ పాత పేరు వెతికి తీసి పెట్టారు. 1956లో మన దేశంలో తూనికల చట్టం వచ్చి, వీశెలూ మణుగులూ నెమ్మదిగా వెనక్కి తగ్గాక, ఆ గ్రీకు అక్షరం మన కిరాణా కొట్ల త్రాసుల్లోకొచ్చి కూర్చుంది. మన ‘గ్రామం’ మాత్రం ఈ వంశంలోది కాదు. అది సంస్కృతం. వినడానికి ఒకటిగా ఉన్నవన్నీ ఒకే ఇంటివి కావు. ‘గ్రంథం’ కూడా ఈ ఇంటిది కాదు. దానికి మూలమైన ధాతువుకి కట్టడం, గుచ్చడం అని అర్థం. తాటాకులకి చిల్లు పెట్టి తాడు గుచ్చి కట్టేవాళ్లం గనక మనకది గ్రంథమైంది.

సరే, గ్రీసులో పుట్టిన అక్షరాల మాట ఫిన్లాండు మంచులోకి ఎలా చేరింది? నేరుగా వెళ్లలేదు. రష్యా మీదుగా వెళ్లింది. క్రీస్తు శకం 988లో కీవు రాజు వ్లదీమిరు తూర్పు క్రైస్తవం తీసుకున్నాడు. ఆ మతం గ్రీకు వాళ్ల కాన్‌స్టాంటినోపిల్ నుంచి వచ్చింది గనక దాంతో బాటు గ్రీకు మాటలూ వచ్చాయి. గ్రమ్మత వాళ్ల నోట్లో ‘గ్రమోత’ అయింది. చదవడం రాయడం, దస్తావేజు, ఉత్తరం – అన్నిటికీ అదే మాట. ఈనాటికీ రష్యను భాషలో అక్షరాస్యత పేరు గ్రమోతే.

గ్రమోత అనగానే నాకు నొవ్‌గొరోద్ ఊరు తలపుకొస్తుంది. ఉత్తర రష్యాలో ఒకప్పుడు గొప్ప వర్తక పట్టణం. ఆ ఊళ్లో జనం బూర్జు చెట్టు బెరడు మీద సన్నటి ములుకుతో గీరి ఉత్తరాలు రాసుకునేవారు. చదివేసి పారేసేవారు. ఆ ఊరి నేల తడినేల కావడంతో వందల ఏళ్లయినా అవి కుళ్లిపోలేదు. 1951 జులై 26న అక్కడ తవ్వకాల్లో పనిచేస్తున్న నీనా అకూలొవా అనే కూలిపని చేసే స్త్రీ చేతికి చుట్ట చుట్టుకుపోయిన బెరడు ముక్క ఒకటి దొరికింది. దాని మీద అక్షరాలున్నాయి! అదే మొదటిది. ఆ తర్వాత ఇప్పటికి ఆ ఒక్క ఊళ్లోనే వెయ్యికి పైగా దొరికాయి. వాటి పేరు ‘బూర్జుబెరడు గ్రమోతలు’.

వాటిల్లో ఏముంటుందనుకున్నారు? రాజుల శాసనాలు కాదు. అప్పులు, వడ్డీలు, చేపలు, గుడ్డలు, కాపరాలు, తగాదాలు! ఓన్‌ఫిమ్ అనే కుర్రాడు పదమూడో శతాబ్దిలో అక్షరాలు దిద్దుకుంటూ, మధ్యలో విసుగెత్తి, గుర్రం మీద తనే వీరుడైనట్టు బొమ్మ గీసుకున్న బెరడు కూడా ఉంది. పిల్లలెక్కడైనా పిల్లలే కదా!

వాటిల్లో ఆడవాళ్ల ఉత్తరాలు కూడా ఉండడం నాకన్నిటికంటే ఆశ్చర్యం. ఒకామె ఉత్తరం పదకొండో శతాబ్ది చివరిది. మూడుసార్లు కబురంపినా రాని మనిషికి రాసింది. నా మీద నీకేం కోపం, ఈ వారమంతా నా దగ్గరికెందుకు రాలేదు అని నిలదీసింది. నా తెలివితక్కువతనం వల్ల నీ మనసు నొచ్చుకుని, నువ్వు నన్ను నవ్వులపాలు చేస్తే దేవుడే తీర్పు చెబుతాడని కూడా అంది. ఆ ఉత్తరం దొరికినప్పుడు ముక్కలు చించి ముడి వేసి ఉంది. చించినవాడు ఆ మనిషే అయివుంటాడు. ఆమె పేరు మనకి తెలీదు. తొమ్మిది వందల ఏళ్ల తర్వాత ఆమె అభిమానం మాత్రం మట్టిలోంచి తలెత్తింది. అక్షరాన్ని నాశనం లేనిదని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఆ నొవ్‌గొరోద్ వర్తకులతోనూ, పూజారులతోనూ రాకపోకలుండేవి ఫిన్నులకీ, వాళ్ల పక్కనుండే కరేలియను జనానికీ. 1957లో అక్కడే దొరికిన ఇంకో బెరడు మీద రష్యను అక్షరాల్లో వేరే భాష మాటలున్నాయి. అది పదమూడో శతాబ్దిది. ఫిన్నిష్ కుటుంబానికి చెందిన భాషల్లో దొరికిన మొట్టమొదటి రాత అదే. దేవుడి బాణం అనే మాట అందులో వస్తుంది. పిడుగు నుంచి కాపాడమనే మంత్రం అయివుంటుందని పండితులంటారు.

అలా రాకపోకల్లో ‘గ్రమోత’ ఫిన్నుల నోట పడింది. పడగానే దాని తల తెగింది! ఎందుకంటే పాత ఫిన్నిష్ నాలుకకి మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావడం గిట్టదు. మొదటిదాన్ని నిర్మొహమాటంగా తోసేస్తారు. గ్రమోతలో ‘గ’ పోయి, రకారానికి దీర్ఘం వచ్చి, ‘రామత్తు’ అయింది. స్వీడను భాషలో ఒడ్డుకి ‘స్ట్రాండ్’ అంటే వీళ్లు ‘రంత’ అన్నారు. గాజుకి ‘గ్లాస్’ అంటే ‘లసి’ అన్నారు. కుర్చీకి ‘స్టూల్’ అంటే ‘తువొలి’ అన్నారు. నవ్వకండి. మన పల్లెల్లో స్టేషను ‘టేసను’ అవలేదూ? స్తంభం కంబమూ, ద్వీపం దీవీ అవలేదూ? వ్యాకరణం చదువుకున్నవాళ్లు దాన్ని తద్భవం అంటారు. గ్లాసుకైతే మనం దయతలచి నడుమ ఒక అచ్చు చేర్చి ‘గలాసు’ అన్నాం, స్కూలుకి ముందొక అచ్చు తగిలించి ‘ఇస్కూలు’ అన్నాం. ఫిన్నులు దాన్నీ కత్తిరించి ‘కౌలు’ లాగా పలుకుతారు! వాళ్ల కౌలు పొలానికి కాదు, బడికి. ఆ మాట కూడా లాటిన్ మీదుగా గ్రీకు నుంచి వచ్చిందే. గ్రీకులో దాని అర్థం తీరిక. తీరిక ఉన్నవాళ్లకే చదువు అన్నమాట. తీరిక ఎవరికుండేదో, ఎవరికుండేది కాదో మనకి వేరే చెప్పాలా?

ఫిన్నిషూ తెలుగూ ఇలా ఒకే పోకడ పోవడం చూసి పూర్వం పండితులకీ అనుమానం వచ్చింది. 1856లో ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ దొర మన భాషల్ని ఫిన్నిష్ వగైరాలున్న కుటుంబంతో కలపాలని చూశాడు. ‘తలొ’ అంటే ఇల్లు, ‘తలొస్స’ అంటే ఇంట్లో, ‘తలొస్త’ అంటే ఇంట్లోంచి, ‘తలోన్’ అంటే ఇంటికి. మనలాగే మాట చివర ముక్క అతికిస్తారు. అయితే పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం కాదని ఇప్పటి భాషావేత్తలు ఆ వాదం ఒప్పుకోవడం లేదు. సరే, చుట్టాలం కాకపోయినా ఇరుగుపొరుగులా కష్టసుఖాలు చెప్పుకోవచ్చుగా!

చిత్రం ఏమిటంటే, తర్వాత ఫిన్లాండు తూర్పువాళ్ల చేతిలో లేదు. పన్నెండో శతాబ్ది నుంచి స్వీడను ప్రాబల్యం మొదలై 1809 దాకా సాగింది. మతం ముందు రోమను, ఆ తర్వాత లూథరుది. చర్చీ మారింది, రాజు మారాడు, బడి మారింది. కానీ మొదట నాలుక మీద కూర్చున్న మాటలు మారలేదు. సిలువకి ‘రిస్తి’, మతగురువుకి ‘పప్పి’, అన్యమతస్థుడికి ‘పకన’ – ఇవన్నీ స్లావు భాషల గుండా వచ్చినవే. ఆ పకన అసలు లాటిన్‌లో పల్లెటూరివాడు! పట్నం వాళ్లు మతం మార్చుకున్నా పల్లెవాళ్లు పాత దేవుళ్లని వదల్లేదు గనక పల్లెటూరివాడే అన్యమతస్థుడైపోయాడని చెబుతారు. పల్లెటూరి వాళ్లని చులకన చెయ్యడం ఎక్కడైనా ఉన్నదే.

ఇక రామత్తుని ఫిన్నిష్‌లో చదువుకునే భాగ్యం ఆ జనానికి చాలా ఆలస్యంగా కలిగింది. మికాయెల్ అగ్రికొల అనే ఆయన 1543లో ఫిన్నిష్ అక్షరాల వాచకం అచ్చు వేయించాడు. ఆ భాషలో మొదటి అచ్చు పుస్తకం అదే. 1548లో కొత్త నిబంధన తెచ్చాడు. రామత్తు మొత్తం ఫిన్నిష్‌లో వచ్చేసరికి 1642 అయింది. అగ్రికొల పోయిన రోజు ఏప్రిల్ 9ని ఇప్పుడు వాళ్లు ఫిన్నిష్ భాషా దినంగా జరుపుకుంటారు.

1686లో వచ్చిన చర్చి చట్టం ఒకటి మనం తెలుసుకోదగ్గది. మతపాఠం రానివాళ్లకి ప్రభు సంస్కారం లేదు. అది లేనివాళ్లకి పెళ్లి లేదు! పాలేర్లయినా, పనిపిల్లలయినా సరే చదవడం నేర్చుకోవాల్సిందే. ఏడాదికోసారి మతగురువు పల్లెపల్లెకీ వచ్చి, ఎవరో ఒకరి ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి పరీక్ష చేసేవాడు. దానికి ‘కింకెరి’ అని పేరు. పరీక్ష అయ్యాక విందు. చదవలేనివాళ్లకి ఊరందరి ముందూ తలవంపులు. 1870లో అలెక్సిస్ కివి రాసిన ‘ఏడుగురు అన్నదమ్ములు’ నవల్లో అక్షరాలు నేర్పే పెద్దమనిషి ఇంటి నుంచి ఆ ఏడుగురూ కిటికీలోంచి దూకి పారిపోతారు. మనకి పిల్లకి చదువెక్కువైతే పెళ్లి కాదేమోనని బెంగ పడ్డ రోజులున్నాయి. వాళ్లకి చదువు రాకపోతే పెళ్లి కాదు. అందువల్ల ఆడపిల్లలూ చదవడం నేర్చారు.

కానీ ఇక్కడో మెలిక ఉంది. చదవడం నేర్పారు గాని రాయడం నేర్పలేదు. రామత్తు చదివితే చాలు, సామాన్యులకి రాతతో ఏం పని? అందులోనూ ఆడవాళ్లకి? అచ్చక్షరాలు గడగడా చదివే తల్లులు, దూరదేశం వెళ్లిన కొడుక్కి ఉత్తరం రాయాలంటే ఇంకొకళ్లని బతిమాలుకోవాలి. ఆలోచించండి, చదవడం అంటే ఎదుటివాళ్లు చెప్పింది వినడం. రాయడం అంటే మనం చెప్పడం. వినడానికి అందర్నీ పిలిచారు, చెప్పడానికి పిలవలేదు. నొవ్‌గొరోద్‌లో ఆ పేరు తెలియని స్త్రీకి ఉన్న అదృష్టం ఆరేడు వందల ఏళ్ల తర్వాత కూడా ఈ తల్లులకి లేకపోయింది.

అయితే ఈ ఆడవాళ్లు ఏమీ ‘రాయలేదా’ అంటే – రాశారు! పుస్తకానికి ఫిన్నుల సొంత మాట ఒకటుంది, ‘కిర్య’. దాని పాత అర్థం ఏమిటో తెలుసా? గుర్తు, నగిషీ, బట్టల మీద వేసే పువ్వులూ లతలూ. ‘కిర్యవ’ అంటే రంగురంగులది. ‘కిర్యయిల్ల’ అంటే ఎంబ్రాయిడరీ చెయ్యడం. దాంట్లోంచే పుట్టిన ‘కిర్యయిలియ’ అంటే రచయిత, రచయిత్రి! సముద్రానికి ఇవతలి ఒడ్డున ఉండే వాళ్ల చెల్లెలి భాష ఎస్తోనియనులో ‘కిరి’ అంటే ఉత్తరమూ అవుతుంది, చేతితొడుగుల మీద ఉన్నితో అల్లే డిజైనూ అవుతుంది. అదే ఎస్తోనియనులో ‘రామత్’ అంటే బైబిలు కాదు, ఏ పుస్తకమైనా సరే. ఒకే మాట అక్క ఇంట్లో పూజగదిలోకెళ్లింది, చెల్లెలి ఇంట్లో అందరికీ అందే అలమర్లోకొచ్చింది.

తెలుగులో మాత్రం తక్కువా? పాత తెలుగులో ‘వ్రాయు’ అంటే బొమ్మ వేయడం కూడాను. చిత్తరువు వ్రాయడమనే అనేవారు. చేత్తో గీసిన గీత అక్షరమైనా, ముగ్గైనా, మన భాషకి ఒకటే అనిపించింది.

ఆ తర్వాత ఫిన్లాండు పుట చకచకా తిరిగింది. 1863లో యువస్కులలో పంతుళ్లకి శిక్షణ ఇచ్చే కళాశాల పెట్టి, ఆడపిల్లల్నీ చేర్చుకున్నారు. 1866లో ప్రజల బడుల చట్టం వచ్చింది. చదవడంతో పాటు రాయడమూ, లెక్కలూ పల్లెలకొచ్చాయి. ఆ కళాశాలలో మొదట చేరిన అమ్మాయిల్లో మిన్నా కాంత్ ఒకామె. చదువు పూర్తి కాకుండానే అక్కడి పంతుల్ని పెళ్లాడింది. 1879లో భర్త పోయాడు. అప్పటికే ఆరుగురు పిల్లలు, కడుపులో ఏడోది. కువొపియో ఊరికి తిరిగొచ్చి తండ్రిగారి నూలు దుకాణం చేతుల్లోకి తీసుకుంది. పగలు బేరాలు, ఏడుగురు పిల్లల ఆలనాపాలనా. ఆ మధ్యలో నాటకాలు రాసింది! 1885లో వచ్చిన ‘పనివాడి భార్య’ నాటకంలో, భార్య కూడబెట్టుకున్న డబ్బు భర్త తాగి తగలేస్తాడు. చట్టం మాత్రం ఆ డబ్బు అతనిదే అంటుంది. చూసినవాళ్లలో కొందరికి కోపం వచ్చింది. చాలామందికి కళ్లు తెరుచుకున్నాయి. 1906లో ఆ దేశపు స్త్రీలు ఓటు హక్కుతో పాటు ఎన్నికల్లో నిలబడే హక్కూ సంపాదించారు. మర్నాటి ఏడు జరిగిన ఎన్నికల్లో రెండు వందల మంది సభ్యుల్లో 19 మంది ఆడవాళ్లు! ప్రపంచంలో అంతకు ముందు ఏ దేశపు జాతీయ పార్లమెంటులోనూ స్త్రీ సభ్యురాలు లేదు. మిన్నా కాంత్ 1897లోనే పోయింది, పాపం, చూడలేదు. ఆమె పుట్టిన మార్చి 19ని ఆ దేశం సమానత్వ దినంగా జెండా ఎగరేసి జరుపుకుంటోంది.

మాటలకి వ్యుత్పత్తులు వెతకడం పనిలేనివాళ్ల పని అని మా ఇంట్లో కూడా అంటూంటారు. కావచ్చు. కానీ ఒక్క రామత్తు వెంట పడి వెళితే ఎంతమంది కనిపించారో చూడండి! గీత గీసిన గ్రీకువాడు, బెరడు మీద నిలదీసిన స్త్రీ, గుర్రం బొమ్మ వేసిన కుర్రాడు, చదవడం మాత్రమే వచ్చిన తల్లులు, నూలు దుకాణంలో కూర్చుని నాటకం రాసిన ఏడుగురు పిల్లల తల్లి. రామత్తు పరాయి ఊరి నుంచి వచ్చి పెద్దపీట వేయించుకున్న మాట. కిర్య ఇంట్లోనే ఉండి, సూదీ దారంతో కాలక్షేపం చేసి, చివరికి కలం పట్టుకున్న మాట. రెండిట్లో ఏది గొప్పదని నన్నడిగితే పెద్దపీటని కాదనను గాని, నా ఓటు సూదికే.